పిలవని కుప్ప

నా చిన్నప్పుడు మా ఊరి చెరువు ఏడాదికి ఒక్కసారి ఊరందరికీ కూర పెట్టేది. ఖాజాగూడ గుట్టలకు ఇవతల, ఇప్పుడు అద్దాల మేడలు ఒకదాని భుజం ఒకటి రాసుకుని నిలబడ్డ చోట మా ఊరు ఉండేది. నలభై పొయ్యిల ఊరు. మేము ఇళ్ళను లెక్కపెట్టేవాళ్ళం కాదు, పొయ్యిలను లెక్కపెట్టేవాళ్ళం. ఒకే కప్పు కింద అన్నదమ్ములు వేరుపడి రెండు చోట్ల వండుకుంటే అవి రెండు పొయ్యిలు. పది మంది తినే పొయ్యి అయినా, ఒంటరి ముసలమ్మ గటక కాచుకునే పొయ్యి అయినా చెరువు చేపల్లో ఒక్కటే కుప్ప.

ఆ పంపకం ఎట్లా జరిగేదో ముందు చెప్పాలి. నా కోపం ఇప్పటికీ అక్కడి నుంచే లేస్తుంది.

ఎండలు ముదిరి, చెరువు ఇంకి, కట్ట పక్కన మడుగు ఒక్కటే మిగిలినప్పుడు ఒక రోజు పెట్టుకునేవాళ్ళు. వలలున్నవాళ్ళు వలలు వేస్తే, మిగిలిన ఊరంతా అడుగు లేని గంపలు పట్టుకుని బురదలో దిగేది. గంపను బురదలోకి అదిమి, పైనుంచి చెయ్యి పెట్టి దొరికిన చేపను పట్టాలి. వలలవాళ్ళ వాటా ముందు తీసేసి, మిగిలినవన్నీ కట్ట మీద మోదుగాకులు పరిచి కుప్పలు పోసేవాళ్ళు. ఎంత సమంగా పోసినా ఒకదాంట్లో పెద్ద కొర్రమట్ట ఉంటుంది, ఒకదాంట్లో అన్నీ వేలెడు పరకలే ఉంటాయి. అందుకని తగువు రాకుండా ఒక రివాజు పెట్టుకున్నారు. ఒక చిన్నపిల్లను కుప్పలకు వీపు చేసి, గుట్టల వైపు మొహం పెట్టి నిలబెట్టేవాళ్ళు. ఊరి పెద్ద ఒక్కో కుప్ప మీద కట్టె ఆనించి “ఇది ఎవలిది?” అని అడుగుతాడు. చూడకుండా ఆ పిల్ల ఒక పొయ్యి పేరు పిలవాలి. పిలిచిన పేరుకు తిరుగు లేదు. లెక్క తప్పి ఒక కుప్ప మిగిలిపోయిందనుకోండి, పేరు పిలవని ఆ కుప్పను ఎవరూ ముట్టేవారు కాదు. అది తిరిగి చెరువుకే.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు ఆ పేర్లు పిలిచే పని నాకు పడింది. చదువులో నేను రెండో తరగతి దాటలేదు గానీ, పేర్లు మాత్రం ఒక్కసారి వింటే పోయేవి కావు. తూర్పు మూల నుంచి మొదలుపెట్టి పడమటి మూల దాకా నలభై పొయ్యిల పేర్లు ఊపిరి తీసుకోకుండా చెప్పేదాన్ని. మా నాయనమ్మ దాన్ని చుట్టాలకు చెప్పుకుని మురిసేది. నేనూ తక్కువ మురవలేదు.

ఆ ఏడు మడుగులో చేపలు మిగలడానికి ఒక కారణం ఉంది. ముందటి వానాకాలంలో తూము దగ్గర రాయి జారి, పగలూ రాత్రీ నీళ్ళు పోతుండేవి. అట్లాగే వదిలితే సంక్రాంతి నాటికి చెరువు ఖాళీ. అప్పటికి దసరా వెళ్ళి కొన్నాళ్ళు అయింది. పాలమూరు దిక్కు నుంచి రాళ్ళు కొట్టేవాళ్ళు వచ్చి, గుట్ట మీద మూడు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ దేశంలో వానలు లేవని వచ్చారు. మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, ఊరికి పెద్దమనిషి, ఆయనే స్వయంగా గుట్ట ఎక్కి వాళ్ళను పిలిచాడు. వాళ్ళు బండను మంట పెట్టి కాల్చి, చీలదీసి, నాలుగు రోజులు చెక్కి, మెడ లోతు నీళ్ళలో దిగి కొత్త రాయిని తూముకు కూర్చోబెట్టారు. అందులో ఒకతని చేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. ఆ నాలుగు రోజులూ మా పెద్దనాయన నోట ఒకటే మాట. మనోళ్ళే కదా చేస్తరు. మనోళ్ళకు చెప్పాల్నా. మనోళ్ళు ఉండంగ మనకు ఫికర్ ఏంది. నేను ఆ మాట విని, వీళ్ళు కూడా మనోళ్ళే అని సంబరంగా గుడిసెల దాకా పోయి చూసి వచ్చాను. ఊరి మీదికి మూడు పొయ్యిలు పెరిగినట్టే అనుకున్నాను. పిల్లలకు మాట అంటే మాటే కదా.

ఆ గుడిసెల్లో ఒక అక్క ఉండేది. మగవాళ్ళతో సమానంగా సమ్మెట ఎత్తేది. ఒకసారి మేకల వెంట గుట్ట ఎక్కి తుమ్మముల్లు దిగి కుంటుతుంటే, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ముల్లు లోపలే విరిగి ఉంది. జిల్లేడు పాలు పిండి, కొంతసేపు ఆగి, పిన్నీసు నిప్పు మీద కాల్చి, ఊదుతూ ఊదుతూ తీసింది. చేతులు బండలాగా ఉండేవి గానీ ముల్లు తీసింది నాకు తెలియనే లేదు. ఆ రోజు నుంచి ఆమె నాకు గుట్ట మీది అక్క. నేను వచ్చానంటే నవ్వేది. ఆ వేసవి మొదట్లో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెల తిరగకముందే మళ్ళీ ఎండలో రాళ్ళ దగ్గర కూర్చుంది. చంటిదానికి పాలు చాలడం లేదని, గుట్ట మీద ఏడుపు ఆగడం లేదని మా ఇంట్లో ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. బాలింతకు బురద చేపల కూర పెడితే పాలు పడతాయని మా నాయనమ్మ అంది. చెరువు పట్టే రోజు దగ్గరలోనే ఉంది కదా, ఆమెకూ కుప్ప వస్తుంది కదా అని నేను లోపల లోపల రోజులు లెక్కపెట్టుకున్నాను.

చెరువు పట్టిన నాడు ఆ మూడు గుడిసెలవాళ్ళూ వచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. మాతో పాటు బురదలో దిగారు. వేళ్ళు నలిగినతను ఒంటి చేత్తోనే గంప ఒత్తాడు. గుట్ట మీది అక్క చంటిదాన్ని రాతి నీడలో పడుకోబెట్టి, మోకాలి లోతు బురదలో మధ్యాహ్నం దాకా ఉంది. ఆమె పట్టిన కొర్రమట్ట ఒకటి మోచేతి పొడుగుంది. గంపలోంచి తీసి గట్టు మీదికి విసిరితే అది మళ్ళీ మడుగు వైపే పాకింది. అందరం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. ఆ చేప కూడా అందరి చేపల్లోనే కలిసింది.

ఆ తర్వాత కుప్పలు పోశారు. మా పెద్దనాయన చేతిలో కట్టె పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచి లెక్కపెట్టాడు. నలభై. నేను వేళ్ళ మీద నలభై మూడు అనుకుని ఉన్నాను.

“పెద్దనాయనా, గుట్ట మీద మూడు పొయ్యిలున్నయి కదా” అన్నాను.

ఆయన వంగి, నా చెవి దగ్గర, మెల్లగా చెప్పాడు. “మనోళ్ళ పేర్లే పిలువు. పాలమూరోళ్ళకు మిగిలితే చూద్దాం.”

మిగలదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నలభై కుప్పలకు నలభై పేర్లు అయితే ఏం మిగులుతుంది? నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఇది నేను దాచను. గుట్టల వైపు తిరిగి, చేతులు కట్టుకుని, మొదటి పేరు పిలవడానికి సిద్ధంగా నిలబడ్డాను. రాతి నీడలో చంటిది సన్నగా ఏడుస్తుంటే నాకు నేరుగా కనబడుతూనే ఉంది.

అప్పుడు మా నాయనమ్మ గొంతు వినబడింది. ఆమె కోపం అరుపుగా రాదు. చాలా మర్యాదగా వస్తుంది. అందుకే మాకందరికీ భయం.

“ఆగు పిల్లా. పెద్దోడా, నాకొక ముచ్చట సమజైతలేదు. మనోళ్ళంటే ఎవల్రా?”

“ఏందమ్మా, గిప్పుడా? ఈ ఊళ్ళె పుట్టి ఈ ఊళ్ళె పెరిగినోళ్ళు. ఇందుల అడిగేదేముంది?”

“గంతేనా? మంచిది. నువ్వు పెద్దమనిషివి, నువ్వు చెప్పినంక ఇగ తిరుగు లేదు.” ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగింది. “ఓ అమ్మలాలా, మీల ఈ ఊళ్ళె పుట్టినోళ్ళు ఎవలెవలున్నరో జర లేవుండ్రి.”

నాలాంటి పెళ్ళికాని పిల్లలు లేచారు. మేనబావను చేసుకుని ఊళ్ళోనే ఉండిపోయిన మా చిన్నమ్మ ఒకతె లేచింది. మిగిలిన ఆడవాళ్ళంతా కూర్చునే ఉన్నారు. ఒకరిది శంకర్‌పల్లి దిక్కు, ఒకరిది పటాన్‌చెరు దిక్కు, ఒకరిది మొయినాబాదు. అందరూ గంపలు పక్కన పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా నాయనమ్మ తన కొడుకు వైపు చూసి చెప్పింది. “నన్ను మీ నాయన చేవెళ్ళ దిక్కు నుంచి తెచ్చుకున్నడు. నేను ఈ ఊరి దాన్ని గాను. నీ పెండ్లాం గాదు. నీ కోడలు గాదు. నలభై పొయ్యిలని లెక్కవెడ్తివి, ఆ పొయ్యిలు ముట్టిచ్చేటోళ్ళంత బయటోళ్ళే గదరా. బయటోళ్ళు మనోళ్ళ శాపలు ముట్టుడు తప్పు. మీరే తోముకోండ్రి, మీరే కోసుకోండ్రి, మీరే కూర పెట్టుకోండ్రి. లేవుండ్రమ్మా, పోదాం.”

ఒక్కసారిగా ఎవరూ లేవలేదు. ముందు మా పెద్దమ్మ లేచింది. చేతికంటిన బురదను కొంగుకు తుడుచుకుంది. “ఎటు పోతున్నవే?” అని పెద్దనాయన అడిగితే, “నాకేం దెలుసు, నేను బయటిదాన్ని” అంది. ఆ మాటకు కట్ట మీద నవ్వు లేచింది. నవ్విన వాళ్ళు నవ్వుతూనే లేచారు. చూస్తుండగానే ఆడవాళ్ళందరూ కట్ట దిగి, తుమ్మచెట్ల నీడలో వరసగా కూర్చున్నారు. నాయనమ్మ నడుముకున్న సంచి విప్పి వక్క కొరుక్కుంటూ, ఏదో పెళ్ళికి వచ్చినట్టు కూర్చుంది.

ఎండ నడినెత్తిన ఉంది. చేపలను ఎండలో పెట్టి ఎంతసేపు ఉంచుతారు? గద్దలు తిరగడం మొదలుపెట్టాయి. ఈగలు వచ్చాయి. మా ఊరి మగవాళ్ళకు చేప తినడం తెలుసు గానీ, బూడిద రాసి తోమడం, పొలుసు తీయడం, జిగురు పోయేదాకా రాయి మీద రుద్దడం ఎవరికీ చేతకాదు. మా బాబాయి ఒకాయన మగతనం చూపించబోయి జెల్ల చేపను పట్టుకుంటే దాని ముల్లు దిగి, చెయ్యి విదిలిస్తూ కట్ట పొడవునా నడిచాడు. “ఓ వదినా, జర మందు జెప్పరాదు” అని అడిగితే, “మీ ఊరోళ్ళనే అడుగు మరిదీ” అని నీడలోంచి జవాబు. ఇట్లా ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నేను మాత్రం నిలబెట్టిన చోటే ఉండి, మెడ తిప్పి తిప్పి చూస్తున్నాను. కదలమని ఎవరూ చెప్పలేదు.

చివరకు మా పెద్దనాయన కట్టెను నేలకు కొట్టాడు. అది మనసు మారడం కాదు, కూర పాడైపోతుందన్న చిరాకు. “తియ్యుండ్రి. తలా ఒకటి తియ్యుండ్రి” అన్నాడు. ఒక్కో కుప్పలోంచి ఒక్కో చేప తీసి ఇంకో మూడు కుప్పలు పోశారు. నలభై మూడు అయ్యాయి. నాయనమ్మ తన చోటు నుంచి లేచి వచ్చింది. ఆయన ఆమెను చూడకుండా నన్ను ఉద్దేశించి అన్నాడు. “రివాజు ప్రకారమే పిలువు. పిలిస్తే ఇస్త. పిలవకుంటే చెరువుకే.”

నేను పిలవడం మొదలుపెట్టాను. నా గొంతు పెద్దది. కట్ట మీద నిలబడి పిలిస్తే ఎదురుగా ఉన్న బండలకు తగిలి మాట తిరిగి వచ్చేది. ఒక్కో పేరూ రెండుసార్లు వినబడేది. ఒకటి నాది, ఒకటి గుట్టది. ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై. ఎక్కడా తడబడలేదు.

“ఇది ఎవలిది?” నలభై ఒకటో కుప్ప.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

ఊళ్ళో ఎవరి తాత పేరు ఏమిటో చెప్పగలిగిన దాన్ని, నా కాలిలో ముల్లు తీసిన మనిషి పేరు నాకు తెలియదని అక్కడ నిలబడ్డాక తెలిసింది. ఎనిమిది నెలలుగా వాళ్ళు మా గుట్ట మీద ఉన్నారు. మా చెరువుకు రాయి పెట్టారు. మేము మేకలను తోలుకుంటూ వాళ్ళ గుడిసెల ముందు నుంచే పోయాం. పాలమూరోళ్ళు, గుట్టోళ్ళు, రాళ్ళోళ్ళు. ఇవే మేం వాడిన పేర్లు.

“గుట్ట మీది అక్కది” అన్నాను.

“అక్క పేరా? ఊరంత అక్కలే” అన్నాడు మా పెద్దనాయన. ఈసారి మగవాళ్ళు నవ్వారు. “పేరు చెప్పు. పేరే తెల్వనోళ్ళు మనోళ్ళెట్లయితరే?”

ఆయన ఎగతాళిగా అన్నాడు. అయినా ఆ రోజు ఆ కట్ట మీద అన్నిటికంటే నిజమైన మాట అదే. నేను వెనక్కి తిరిగి మా నాయనమ్మను చూశాను. ఎప్పటిలాగే వచ్చి వెనకేసుకొస్తుందని అనుకున్నాను. ఆమె నన్ను చూసిన చూపు, కొడుకును చూసిన చూపు కంటే వేడిగా ఉంది.

“ముల్లు తీయించుకున్నవు. ఒళ్ళె కూసున్నవు. పేరడగలే?” అంది. గొంతు తగ్గించి, “నేనూ అడగలే. మనందరి నోళ్ళు పడిపోను” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరగడం నేను చూసింది అప్పుడే. అవి జాలి నీళ్ళు కావు. తన మీద తనకు వచ్చిన కోపం. “పో. పోయి అడిగిరా. అందరు చూడంగ పో.”

కట్ట దిగి, ఊరంతా చూస్తుండగా, రాతి నీడ దాకా నడిచాను. ఎంత దూరమని, నలభై యాభై అడుగులు. ఆ నడక ఇప్పటికీ నా కాళ్ళల్లో ఉంది. అక్క చంటిదాన్ని రొమ్ముకు అదుముకుని కూర్చుంది. మోకాళ్ళ దాకా బురద ఎండి బీటలు వారింది. చంటిది రొమ్ము పట్టి, వదిలి, మళ్ళీ ఏడుస్తోంది. మిగిలిన వాళ్ళు పక్కన నిలబడి ఉన్నారు. అప్పటికే గంపలు సర్దుకుని పోవడానికి లేచారు.

“అక్కా, నీ పేరేంది?” అన్నాను.

నన్ను చూస్తే నవ్వే మనిషి. ఆ రోజు నవ్వలేదు. “ఇప్పుడెందుకు?”

“కుప్పకు.”

“కుప్పకా.” ఆమె ఆ మాటను నాలిక మీద పెట్టుకుని చూసినట్టు అంది. “శాపలకైతే పేరు గావాలె. తూముకు రాయి పెట్టిననాడు మా పేర్లు ఎవలికీ అక్కర రాలే.”

వేళ్ళు నలిగినతను ఆమె మగడు. “పోదాం పా, మనకొద్దు” అన్నాడు. ఆమె వద్దంటే ఆ కుప్ప చెరువులోకి పోతుంది, రేపు కూడా చంటిది ఇట్లాగే ఏడుస్తుంది, దానికి కారణం నేను. ఆమె చంటిదాని మొహంలోకి చూసి, ఆ తర్వాత నా మొహంలోకి చూసి, పేరు చెప్పింది. మిగిలిన రెండు గుడిసెల పేర్లు కూడా చెప్పింది. నేను మూడూ ఒకటికి రెండుసార్లు నోట్లో అనుకుని, పరిగెత్తి కట్ట ఎక్కి, మళ్ళీ వీపు తిప్పి నిలబడ్డాను.

“ఇది ఎవలిది?”

గొంతు చిరిగేలా పిలిచాను. గుట్ట ఆ పేరును తిరిగి అన్నది. మిగిలిన రెండు పేర్లూ అట్లాగే పిలిచాను. వాళ్ళ పేర్లు ఆ బండలు విన్నది అదే మొదటిసారి కావచ్చు. బండలను కొట్టే చప్పుడు తప్ప వాళ్ళ నుంచి మేము ఇంకేమీ వినలేదు మరి.

అక్క వచ్చి, మోదుగాకులతో సహా కుప్పను ఎత్తి కొంగులో పోసుకుంది. మా పెద్దనాయనను చూడలేదు. దండం పెట్టలేదు. నా పక్క నుంచే పోయింది గానీ ఆగలేదు. ఆగి తల నిమురుతుందని నేను ఎదురుచూశాను. ఆ నిమరని చెయ్యి ఎంత దెబ్బ కొట్టిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం పెరట్లో మా నాయనమ్మ చేపలు తోముతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బూడిద గంప అందిస్తున్నాను. చేప నోట్లో ఇరుక్కున్న పాత గాలం ముక్క ఒకటి పీకి నా అరచేతిలో పెట్టింది. “రాయి మోపేటప్పుడు మనోళ్ళు. శాపలు పంచేటప్పుడు పాలమూరోళ్ళు. గట్ల వాడితే అది మాట గాదు బిడ్డా, గిది” అంది. ఆ గాలం తుప్పు పట్టి ఉంది, అయినా మొన ఇంకా గుచ్చుకుంటోంది. పిలిచి పని చేయించుకోవడానికి ఒకరిని మనోళ్ళని అంటే, పంచేటప్పుడు కూడా అదే నోటితో అనాలి. అనలేని వాళ్ళు ముందే అనొద్దు. ఆమె చెప్పింది అంతే.

చంటిదానికి పాలు పడ్డాయా అని గుడిసె దాకా పోయి అడిగే మొహం నాకు లేకపోయింది. వానలు మొదలయ్యే దాకా గుట్ట మీద దాని ఏడుపు వినబడుతూనే ఉండేది. అంతకుముందు లాగా సన్నగా కాదు, గట్టిగా. “ఏడ్వనీ, ఏడ్చే బలమొచ్చింది” అనేది మా నాయనమ్మ. మృగశిర దాటాక ఒక పొద్దున చూస్తే గుడిసెలు లేవు. ఇంకెక్కడో బండలున్నాయని పోయారు. చెప్పి పోలేదు. ఎందుకు చెప్పాలి?

ఇదంతా ఇప్పుడు ఎందుకు పట్టుకుని కూర్చున్నానంటే, మొన్న ఉగాదికి మా అపార్టుమెంటులో జరిగింది నాకు మింగుడు పడడం లేదు. మా పొలం ఇచ్చినందుకు వాటాగా వచ్చిన ఫ్లాటులో నేను, నా కొడుకు, కోడలు, మనుమరాలు ఉంటాం. పండుగకు కింద హాల్లో అందరికీ భోజనాలు పెట్టారు. మా టవర్‌లో మెట్లూ వరండాలూ తుడిచే ఒక ఆమె ఉంది, ఒడిశా దిక్కు నుంచి వచ్చింది. తెల్లవారి నుంచి కుర్చీలు మోసింది ఆమె. మామిడాకులు కట్టింది ఆమె. పచ్చడి కుండలు కడిగింది ఆమె. పొద్దున మా సెక్రటరీ గారు గ్రూపులో మెసేజీ పెట్టారట, మన స్టాఫంతా మన కుటుంబమే అని. మనుమరాలు చదివి వినిపించింది. ఆకులు వేసేటప్పుడు అదే సెక్రటరీ గారు మైకులో, “ముందు మనవాళ్ళందరూ కూర్చోండి, స్టాఫ్‌కి తర్వాత చూద్దామండి” అన్నాడు.

మిగిలితే చూద్దాం. నా చెవిలో మా పెద్దనాయన వంగి చెప్పినట్టే అయింది.

ఆయన గుంటూరు దిక్కు నుంచి వచ్చినాయన. ఒకప్పుడు ఆయన లాంటివాళ్ళను మేమే బయటోళ్ళు అన్నాం, మా ఊరోళ్ళందరం అన్నాం, అందులో నా గొంతూ ఉంది. ఇప్పుడు ఆయనా మేమూ ఒకే పంక్తిలో కూర్చుని ఇంకొకరిని బయట నిలబెడుతున్నాం. బయట ఎవరో ఒకరు నిలబడితే తప్ప మనకు మనోళ్ళు దొరకరా? నాకు ఒళ్ళు మండిపోయింది. కూర్చున్న దాన్ని లేచాను.

“బాబూ, ఆమె పేరేంది?” అని అడిగాను.

“ఎవరిదండీ? హౌస్‌కీపింగ్ ఆవిడదా?”

“ఆమెదే. మూడేండ్ల నుంచి మీ గడప తుడుస్తున్నది కదా.”

ఆయన పక్కాయనను చూశాడు. పక్కాయన ఫోను చూసుకున్నాడు. “ఏజెన్సీ వాళ్ళకు తెలుస్తుందండి, కనుక్కుని చెప్తాను” అన్నాడు.

“అవ్వా, జర కూసో, అందరు చూస్తున్నరు” అని మనుమరాలు నా కొంగు పట్టి లాగింది. చూడనీ. చూడాలనే లేచాను. ఆ మనిషి పేరు నాకు తెలుసు. వచ్చిన మొదటి నెలలోనే అడిగాను. ఆ హాల్లో మైకు లేకుండానే ఆ పేరు పెట్టి పిలిచి, నా ఆకు ముందు కుర్చీ లాగాను. ఆమె రాలేదు. భయపడి, చేతులు ఊపి, వద్దమ్మా వద్దమ్మా అని మెట్ల కిందికి పోయింది. వాళ్ళ కోపం ఆమె మీద పడుతుందని ఆమెకు తెలుసు. ఆ మాత్రం నేను ఆలోచించలేదు. నాకు కట్ట మీది ఆడవాళ్ళ లాంటి బలగం లేదు. లేచి నీడలో కూర్చోవడానికి ఒక్కరు కూడా కదలలేదు. నేను ఆ పూట తినలేదు. ఆమె బంతికి కూర్చున్నప్పుడే, చల్లబడ్డ అన్నం ఆమె పక్కన కూర్చుని తిన్నాను. నా కోపం ఆరలేదు. ఆరాలని కూడా లేదు.

మా చెరువులో సగం రోడ్డు అయింది. మిగిలిన సగం పేరు చెప్పి ఫ్లాట్లు అమ్ముకున్నారు. తూము రాయి ఎక్కడ పూడిందో ఎవరికీ తెలియదు. నా కాలిలో తుమ్మముల్లు దిగిన చోట మచ్చ కూడా లేదు. ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలినవి నలభై మూడు పేర్లే. అందులో నలభై నేను పుట్టిన ఊరు ఊరికే ఇచ్చింది, అవి ఒక్కొక్కటిగా జారిపోతున్నాయి. నడిచి పోయి, తల వంచి అడిగి తెచ్చుకున్నవి మూడు. అవి మాత్రం పోవు. కొత్త మనిషి ఎవరు నా గడపలోకి వచ్చినా, మంచినీళ్ళు ఇచ్చేలోపు నా నోరు పేరు అడుగుతుంది. మనోళ్ళు అనే మాట ఆ తర్వాతే, అనగలిగితేనే. పొద్దున బాల్కనీలో నిలబడితే ఖాజాగూడ గుట్టలు మేడల సందులోంచి కొంచెం కనబడతాయి. ఎవరూ లేనప్పుడు అటు తిరిగి గుట్ట మీది అక్కను ఒకసారి పేరు పెట్టి పిలుస్తాను. ఇప్పుడు మాట తిరిగి రాదు, కార్ల చప్పుడులో కలిసిపోతుంది. అయినా పిలుస్తాను.

ఆమె పేరు కుర్మమ్మ.